గుడారమా, ఉయ్యాలా

గుడారాలు కుట్టే ఆయనకి అల్లుడి మీద ఉన్నది ఒక్కటే ఫిర్యాదు. మనిషి మంచివాడే. కూతుర్ని కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటాడు, చిన్నా పెద్దా తెలిసినవాడు. కానీ అడవిలో పడుకోవలసి వస్తే రెండు చెట్ల మధ్య గుడ్డ ఉయ్యాల కట్టుకుని అందులో పడుకుంటాడు. నలభై ఏళ్ళుగా గుడారాలు కుట్టి బతుకుతున్న ఇంటికి అలాంటి అల్లుడు రావడం తన నుదుటి రాత అని, దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళతోనూ ఆయన చెప్పుకునేవాడు.

అల్లుడి పని అడవి దారులకి గుర్తులు వేయడం. నడిచేవాళ్ళు తప్పిపోకుండా బండల మీద, చెట్ల మొదళ్ళ మీద పసుపురంగు బాణాలు గీస్తాడు. ఈసారి అతని వంతుకి ఎలుగుల లోయ వచ్చింది. రెండు నెలల పని. కొలత టేపు రెండో చివర పట్టుకోవడానికి ఒక మనిషిని వెంట తీసుకెళ్ళవచ్చని ఆఫీసులో చెప్పారు. ఆ మనిషి తనే అవుతానంది పొట్టి.

పొట్టి అంటే గుడారాలాయన కూతురు. నిజానికి అంత పొట్టేమీ కాదు. చిన్నప్పుడు కుట్టుమిషను పెడలు అందక నిలబడి తొక్కేది కాబట్టి ఆ పేరు అలా ఉండిపోయింది. పదేళ్ళుగా తండ్రి పక్కన కూర్చుని కాన్వాసు కుడుతోంది. వానకి కారని మడత కుట్టు వేయడంలో తనని మించిపోయిందని తండ్రే చెబుతాడు, ఆమె ఎదురుగా లేనప్పుడు. ఇన్ని గుడారాలు కుట్టింది గానీ ఒక్కదానిలోనూ ఒక్క రాత్రయినా పడుకోలేదు. వందల కిటికీలకి దోమతెరలు కుట్టింది. ఏ కిటికీలోంచీ ఒక కొండని చూసి ఎరగదు. ఎదురుగా దుకాణం గోడ, ఆ గోడకి వేలాడే కత్తెరలు, అంతే. ఈసారి వెళ్ళకపోతే ఇంకెప్పుడూ వెళ్ళనని ఆమెకి గట్టిగా అనిపించింది. అలాగని తండ్రి వద్దంటే కాదని వెళ్ళే మనిషీ కాదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

"వెళ్ళు, ఎవరొద్దన్నారు," అన్నాడు తండ్రి దారం పళ్ళతో కొరుకుతూ. "టెంటులో పడుకుంటానంటే వెళ్ళు. మీ ఆయనలా చెట్టుకి పనసకాయలా వేలాడతానంటే మాత్రం కుదరదు."

"టెంటులో ఉంటే బయట ఏముందో కనబడదు మామయ్యా," అన్నాడు అల్లుడు. "ఎలుగు వచ్చిందని మనకి తెలిసేసరికి అది తలుపు దగ్గరుంటుంది. ఉయ్యాలలో అయితే నాలుగు వైపులా కనబడుతుంది."

"దానికి నువ్వు కూడా నాలుగు వైపుల నుంచీ కనబడతావు కదా అల్లుడూ. సరిగ్గా నోటికందే ఎత్తులో, గుడ్డలో చుట్టి వడ్డించినట్టు."

"గుడ్డ గోడ ఎలుగుని ఆపుతుందా?"

"ఆపదు. దాస్తుంది. కనబడనిదాన్ని ఎవరూ తినరు."

"దానికి ముక్కే కళ్ళు మామయ్యా. వాసన పట్టేస్తుంది."

"అయితే నువ్వు రోజూ స్నానం చెయ్యి."

పొట్టి తలొంచుకుని కుట్టుకుంటూ ఉండిపోయింది. ఆమెకి టెంటయినా ఒకటే, ఉయ్యాలయినా ఒకటే. వెళ్ళడం కావాలి. వారం రోజులు ఇదే వాదన సాగాక, ఆమె తల్లి లోపలి గదిలోంచి వచ్చి, "ఇక్కడ కూర్చుని నా చెవులు తినకపోతే, ముగ్గురూ వెళ్ళి ఒక్క రాత్రి అడవిలో పడుకుని రండి. ఏది మంచిదో ఆ ఎలుగునే అడగండి," అనేసి తలుపు వేసుకుంది.

అలా శనివారం పొద్దున బయల్దేరారు. లోయ మొదట్లో, ఎలుగులు అరుదుగా తిరిగే చోటు ఒకటి అల్లుడికి తెలుసు. తండ్రి కోసమని పొట్టి కొత్త గుడారం కుట్టింది. మామూలుగా దారాన్ని మైనం ముద్ద మీద ఒకసారి లాగి సూదికి ఎక్కిస్తారు, కుట్టు కన్నాల్లోంచి నీరు దిగకుండా. నాన్న పడుకునేది కదా అని ఆమె మూడేసి సార్లు లాగింది.

అడవిలో అడుగుపెట్టగానే పెత్తనం అల్లుడి చేతికి వచ్చింది. పడుకునే చోటికి వంద అడుగుల అవతల తినాలన్నాడు. తిన్నాక మిగిలిన రొట్టె, ఉడికించిన గుడ్లు, అరటిపళ్ళు సంచిలో పెట్టి, తాడు విసిరి దూరంగా ఒక కొమ్మకి వేలాడగట్టాడు. తర్వాత మామగారి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"జేబులు చూపించండి మామయ్యా."

"నేనేమన్నా దొంగనా?"

"వాసన వచ్చేది ఏదీ మన దగ్గర ఉండకూడదు."

దగ్గు బిళ్ళలు బయటికొచ్చాయి. మోకాళ్ళకి రాసుకునే మందు వచ్చింది. సబ్బు, టూత్‌పేస్టు, చిన్న సీసాలో కొబ్బరినూనె వచ్చాయి.

"తలకి రాసుకున్నది కూడా తీసివ్వమంటావా?"

"వాగులో కడిగేసుకోండి, చాలు."

"పెళ్ళిలో నోరు తెరిచి ఏదీ అడగనివాడు, ఇప్పుడు జేబులు దులిపిస్తున్నాడు," అని గొణుక్కుంటూ ఆయన చన్నీళ్ళలో తల ముంచాడు.

అల్లుడు సంచులు వాసన చూశాడు, చెప్పులు చూశాడు, దుప్పట్లు చూశాడు. ఆఖరున గుడారం దగ్గరికొచ్చి, వంగి, ఒక్క క్షణం ఆగాడు. పక్కనే మేకులు దిగగొడుతున్న పొట్టి వైపు చూసి, చిన్నగా నవ్వుకుని వెళ్ళిపోయాడు. తాను మేకు వంకరగా కొట్టానేమోనని ఆమె మళ్ళీ సరిచూసుకుంది.

చీకటి పడేముందు ఆమె గుడారంలో బోర్లా పడుకుని కిటికీ తెర పైకి చుట్టింది. ఎదురుగా కొండ నీలంగా, నిదానంగా చీకట్లో కలుస్తోంది. ఇరవై అడుగుల అవతల ఉయ్యాలలో భర్త కాళ్ళు కనబడుతున్నాయి. పక్కన తండ్రి అప్పటికే గురక పెడుతున్నాడు. ఇలాంటివి రెండు నెలల సాయంత్రాలు అనుకుంటూ నిద్రపోయింది.

తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. గుడారం గుడ్డ బూడిదరంగుకి తిరుగుతోంది. తలగడ పక్కనే ఎవరో గిన్నె నాకుతున్నట్టు చప్పుడు. మూల కుట్టు దగ్గర గుడ్డ లోపలికి ఉబ్బుతోంది, మళ్ళీ వెనక్కి పోతోంది. పక్కకి చూస్తే తండ్రి కళ్ళు తెరిచే ఉన్నాడు.

బయట నుంచి భర్త గొంతు వినిపించింది. తొందర లేదు. బస్సులో పక్క సీటాయనని కాస్త జరగమని అడుగుతున్నట్టుంది.

"మేమిక్కడున్నామండీ. మిమ్మల్నేమీ చెయ్యం. అలా మెల్లిగా వెళ్ళిపోండి. మామయ్యా, లోపల కదలకండి. ఆ, మీరు వెళ్ళండి, దారి అటుంది."

"ఎవరితో మాట్లాడుతున్నాడు?" అన్నాడు తండ్రి పెదవులు మాత్రం కదిలించి.

"ఎలుగుతో."

"ఏనాడైనా నాతో అంత నెమ్మదిగా మాట్లాడాడా?"

అంత భయంలోనూ పొట్టికి నవ్వొచ్చింది. దుప్పటి అంచు నోట్లో కుక్కుకుంది. అంతలో చర్రుమని కుట్టు విడిపోయి, సంచులు కుట్టే దబ్బనమంత గోరు ఒకటి లోపలికి వచ్చింది. ఆమె నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. తండ్రి చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

బయట దబ్బుమని ఏదో పడింది. ఆ వెంటనే పొదలు తొక్కుకుంటూ బరువైన పరుగు దూరమైంది. 

"వెళ్ళిపోయింది," అన్న మాట వినిపించింది, కాస్త మూలుగుతో.

"నువ్వు పడ్డావా?" అని లోపలి నుంచే అడిగాడు మామగారు.

"దిగాను మామయ్యా."

"దిగితే ఇంత చప్పుడవుతుందా?"

బయటికొచ్చి చూస్తే అతను నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒక కాలు ఇంకా ఉయ్యాలలోనే చిక్కుకుని ఉంది. మోచెయ్యి గీరుకుపోయింది. పొట్టి పరుగెత్తుకెళ్ళి కాలు విడిపించింది. అతను మోచెయ్యి సంగతి మరిచిపోయి ఆమెని తల నుంచి కాళ్ళ దాకా రెండుసార్లు చూసుకున్నాడు.

తండ్రి గుడారం చుట్టూ తిరిగొచ్చి ఒక రాయి మీద కూర్చున్నాడు.

"తేలిపోయింది. అది టెంటు దగ్గరికే వచ్చింది. నాది ఓడిపోయింది, ఒప్పుకుంటున్నాను. అలాగని నీ ఉయ్యాల గెలిచిందనుకోకు. అందులోంచి దిగడానికి నడుం విరగ్గొట్టుకునే మనిషి చేతుల్లో రెండు నెలలు నా కూతుర్ని పెట్టలేను. అమ్మాయి ఇంట్లోనే ఉంటుంది."

పొట్టి భర్త వైపు చూసింది, ఏదైనా అంటాడేమోనని. అతను తలొంచుకున్నాడు.

"నేనూ అదే అనుకుంటున్నాను," అన్నాడు. "అన్నీ తీసేశాం. అయినా వచ్చింది. ఏది వదిలేశామో తెలియకుండా నిన్ను లోయలోకి ఎలా తీసుకెళ్ళను?"

పెళ్ళయిన ఆరు నెలల్లో మామా అల్లుళ్ళు ఒక్క మాట మీదికి రావడం అదే మొదటిసారి. వచ్చిన ఆ ఒక్క మాటా ఇదే.

ఆమె లేచి గుడారం దగ్గరికి వెళ్ళింది. గుడ్డంతా పొడిగానే ఉంది. కుట్టు మాత్రం, పైనుంచి కింద దాకా, గీత గీసినట్టు తడిసి ఉంది. ఎలుగు నాలుక కుట్టు దాటి ఎటూ వెళ్ళలేదు. ఆ తడి మీద వేలు పెట్టి వాసన చూసుకుంది. పుట్టిన దగ్గర నుంచి ఎరిగిన వాసన. ఇల్లు, తండ్రి చొక్కా, తన వేళ్ళ సందులు, అన్నీ అదే వాసన.

చెప్పకపోతే ఇంటికి తిరిగి వెళ్ళాలి, కత్తెరల గోడ ముందుకి. చెబితే తండ్రి నలభై ఏళ్ళ పనితనాన్ని అల్లుడి ఎదుట వేలెత్తి చూపినట్టవుతుంది. వేలు పమిటకి తుడుచుకుంది.

"నాన్నా," అంది చివరికి. "అది టెంటు కోసం రాలేదు. కుట్టు కోసం వచ్చింది."

"కుట్టుకేమైంది?"

"మైనం. తేనెపట్టు మైనమే కదా మనం వాడేది."

తండ్రి రాయి మీద నుంచే గుడారం వైపు తిరిగాడు.

"నేనే అతి చేశాను," అంది ఆమె గబగబా. "ఒకసారి లాగాల్సింది మూడుసార్లు లాగాను. తప్పు నాది."

"ఎన్నిసార్లని కాదు. మైనం పెట్టమని నీకు నేర్పిందెవరు?"

 ఆయన లేచి వచ్చి, మోకాళ్ళ మీద వంగి, కుట్టుకి ముక్కు ఆనించాడు.  ఆయన భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడనుకుని పొట్టి దగ్గరికి జరిగింది. తీరా చూస్తే నవ్వుతున్నాడు.

"ఒక ఫొటోగ్రాఫరు ఉండేవాడు," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "మూడుసార్లు టెంటు తెచ్చాడు, ఎలుగు మూల చింపిందని. లోపల తిండి పెట్టుకుని పడుకునే బుద్ధిలేని మనిషివని మూడుసార్లూ తిట్టి పంపాను. పాపం, మూడోసారి ఒట్టేసి చెప్పాడు, రెండు పూటలు పస్తు పడుకున్నానండీ అని. రేపు వెళ్ళి వాడి కాళ్ళు పట్టుకోవాలి."

అప్పటిదాకా ఊరుకున్న అల్లుడు గొంతు సవరించుకున్నాడు. "నిన్న సాయంత్రం నాకు ఆ వాసన తగిలింది."

"తగిలితే చెప్పవేం?"

"పొట్టి పక్కనే ఉంది కదా. తన చేతుల వాసన అనుకున్నాను." అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఇంట్లో రోజూ అదే కదా. బాగుందిలే అనుకుని వెళ్ళిపోయాను."

పొట్టి చేతులు పమిట చాటుకి తీసుకుంది. తండ్రి ఒకసారి కూతుర్ని, ఒకసారి అల్లుణ్ణి చూసి, ఆ తర్వాత అవసరం లేకపోయినా చెట్లవైపు చూశాడు.

"అందరి ముక్కులూ వాసన చూస్తాయి. మా అల్లుడిది మాత్రం పెళ్ళాన్నే చూస్తుంది," అన్నాడు.

ఎండ వచ్చింది. అల్లుడు కొమ్మ మీది సంచి దించి రొట్టె తెచ్చాడు. మామగారు ముట్టుకోలేదు. గుడారాన్ని విప్పి గడ్డి మీద పరిచి, జేబులోంచి చిన్న కత్తి తీసి, మూల నుంచి కుట్టు విప్పడం మొదలుపెట్టాడు. పొట్టి వెళ్ళి ఎదురుగా కూర్చుని గుడ్డ బిగించి పట్టుకుంది. ఎందుకు విప్పుతున్నాడో అడగడానికి ఆమెకి ధైర్యం చాల్లేదు.

కుట్టు సగం విప్పాక ఆయన తలెత్తకుండా అన్నాడు, "అల్లుడూ, ఆ లోయలో వాన ఎటు నుంచి కొడుతుంది?"

"పడమటి నుంచి మామయ్యా. సాయంత్రాలు."

"గాలితోనా?"

"ఒక్కోసారి గాలితో."

"అయితే తలుపు తూర్పుకి తిప్పాలి. ఇంటికెళ్ళి నైలాన్ దారం వేస్తాను, మైనం లేకుండా. నువ్వు నీ ఉయ్యాల టెంటుకి ఎదురుగా కట్టుకో. ఒకళ్ళు బయట ఉండి చూసుకోవాలి కదా. కానీ ముందు దిగడం నేర్చుకో."

పొట్టి చేతుల్లో గుడ్డ వదులైంది. మళ్ళీ గట్టిగా పట్టుకుంది.

"మైనం లేకపోతే కుట్టులోంచి నీరు దిగుతుంది కదా నాన్నా," అంది.

"దిగుతుంది," అన్నాడు తండ్రి ఇంకో కుట్టు తెంపుతూ. "కాస్త తడవండి."