అక్క ఒక్కతే చదువుకున్న మాట

ఆదివారం ఉదయం. కిటికీ పక్కన కుట్టుమిషను ఖాళీగా ఉంది. కుడిచేతికి కట్టుతో అక్క ఎడమచేత్తో టీ కప్పు పట్టుకొచ్చి తమ్ముడికి అందించింది. అక్క తమ్ముడికి టీ ఇవ్వడంలో వింతేముంది అని పాఠకులు అడగవచ్చు. ఆ తమ్ముడు కప్పు అందుకున్నాడే తప్ప తలెత్తి అక్క ముఖం చూడలేదు. వింత అక్కడుంది.

తమ్ముడు ఇంటి సామాన్లు తయారుచేసే ఒక కంపెనీలో పౌరసంబంధాల అధికారి. తల్లి పోయాక వాణ్ణి చదివించింది ఆ కుట్టుమిషనే. తమ్ముడి కంపెనీ కదా అని అక్క ఏరికోరి వాళ్ల కెటిలే కొనుక్కుంది. కిందటి నెల నీళ్లు మరిగాక ఎత్తబోతే పిడి ఊడొచ్చి చెయ్యి కాలింది. మళ్లీ ఎప్పుడు సూదిలో దారం ఎక్కిస్తుందో డాక్టరే చెప్పలేకపోతున్నాడు.

"ఇంటర్నెట్లో మీ కంపెనీ పేజీలో రాసి ఇన్నాళ్లయింది, మీవాళ్లు ఉలకరూ పలకరేంరా?" అంది అక్క. "నీకు మాట రాకూడదని నీ పేరు ఎత్తలేదు. పిడి ఊడుతోంది, జాగ్రత్త అని మాత్రం రాశాను. జవాబు రాకపోతే పోనీ, నలుగురూ చదువుకుంటారు. అదే చాలు."

"పైవాళ్లు చూస్తున్నారక్కా," అన్నాడు తమ్ముడు కప్పులోకి చూస్తూ.

ఒకప్పుడు ఇతను ఇలా ఉండేవాడు కాదు. ఫిర్యాదు వస్తే మెకానిక్కుని వెంటబెట్టుకుని స్వయంగా ఆ ఇంటికి వెళ్లేవాడు. గుమ్మంలో నిలబడి నానా తిట్లూ తిని, చివరకు వాళ్ల చేతి మంచినీళ్లు తాగి నవ్వుతూ బయటికి వచ్చేవాడు. "తిట్టినవాళ్లే మన వాళ్లు, తిట్టనివాళ్లు పక్క కంపెనీకి పోతారు" అని అక్కతో గొప్పగా చెప్పేవాడు. తరవాత ఆఫీసు గోడకి పెద్ద తెర వచ్చింది. కంపెనీని పొగిడితే ఆకుపచ్చ చుక్క, తిడితే ఎర్రచుక్క. సాయంత్రానికి ఎర్రచుక్క కనపడకూడదన్నది కొత్త మేనేజరు ఆజ్ఞ. కుర్చీలోంచి లేవకుండా, ఎవరి గడపా తొక్కకుండా ఆ పని చేయడం ఇతనికి అలవాటైపోయింది.

తలుపు దగ్గర అలికిడైంది. అక్క దగ్గర బట్టలు కుట్టించుకునే టీచరమ్మ, చంకలో కూతురు. పాప పాదానికి కట్టు.

"అయ్యో, ఏమైందమ్మా?"

"కొత్త కెటిలు అక్కా. పిడి ఊడి మరుగునీళ్లు పాప కాలిమీద పడ్డాయి." అక్క చేతి కట్టు అప్పుడు చూసింది టీచరమ్మ. "మీక్కూడానా? కొనేముందు ఆ కంపెనీ పేజీ అంతా చదివానక్కా. అన్నీ పొగడ్తలే. ఒక్కరైనా ఒక్క ముక్క రాసి ఉంటే కొనేదాన్నా?"

"అదేంటమ్మా, నేను రాశానుగా!" అక్క గబగబా ఫోను తీసి చూపించింది. మాట అక్కడే ఉంది. టీచరమ్మ తన ఫోనులో అదే పేజీ తెరిచి కిందికీ పైకీ జరిపింది. అందులో లేదు.

"ఒరేయ్, ఇదేంటో చూడరా. నీకు తెలుస్తుందిగా," అంది అక్క ఎంతో నమ్మకంగా.

తమ్ముడు కప్పు కింద పెట్టాడు. "దాచేశారక్కా. అలా దాస్తే రాసినవాళ్లకి ఉన్నట్టే ఉంటుంది. ఇంకెవరికీ కనపడదు. తీసేస్తే గొడవ చేస్తారని..."

"ఎవర్రా దాచింది? మీ మేనేజరా?"

"నేనే."

"నేను రాశానని తెలీక చేశావు కదూ?"

తప్పించుకోవడానికి అక్క చూపించిన దారి అది. ఇతను అందులోంచి పోలేకపోయాడు.

"తెలిసే చేశానక్కా."

అక్క మిషను ముందు కూర్చుంది. గుండె ఎంత మండిందో గొంతులో తెలిసిపోయింది. "కాదు పొమ్మంటే పోట్లాడేదాన్ని. అబద్ధం అంటే నాలుగు దులిపేదాన్ని. నా నోరు నొక్కేసి, నేను మాట్లాడుతూనే ఉన్నానని నన్నే నమ్మించావు కదరా! రోజూ అది చదువుకుని, నలుగురికీ మేలు చేశానని మురిసిపోయాను."

తమ్ముడు ఫోను తీసి ఏదో నొక్కాడు. కాసేపటికి టీచరమ్మ నెమ్మదిగా అంది: "ఇప్పుడు కనిపిస్తోందక్కా."

అక్క ఆ ఫోను వైపు చూడలేదు. పాప పాదం మీది కట్టునే చూస్తోంది.

"చేతులు కాలాక ఆకులెందుకురా? జనం గోడు వినడానికే నీకా కుర్చీ ఇచ్చారు. ఒకరి గోడు ఇంకొకరి చెవిన పడకుండా అడ్డం కూర్చున్నావు. ఈ పిల్ల కాలు కాల్చింది కెటిలు కాదురా, నువ్వు దాచిన నా మాట."