చిన్న ఇంజనుకు లారీ నూనె

ఫోను మోగేసరికి ఆమె బస్సులో నిలబడే నిద్రపోతోంది. ఒక చెయ్యి పైన కడ్డీని పట్టుకుని వేలాడుతోంది. రెండో చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బా ఉన్న సంచి. కళ్ళు తెరవకుండానే ఫోను తీసి చెవిన పెట్టుకుంది.

"చెల్లెమ్మా, బేరింగులు బతికే ఉన్నాయి!"

చెవి మేస్త్రి గొంతు. అసలు పేరేదో అతనికైనా గుర్తుందో లేదో. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏం అరిగిందో చెప్పేస్తాడని అందరూ అతన్ని అలాగే పిలుస్తారు.

"క్రాంకు మీద గీత కూడా పడలేదు. ఇంజను మార్చక్కర్లేదు. బెల్టు మారిస్తే చాలు."

ఆమెకి కూలబడి ఏడవాలనిపించింది. కూలబడటానికి చోటు లేదు. "సరే అన్నయ్యా," అని మాత్రం అంది. పక్కన నిలబడ్డ ముసలావిడ, "ఏమ్మా, ఆస్పత్రి కబురా?" అని జాలిగా అడిగింది. "అవునండీ, బతికింది," అంది ఆమె. ముసలావిడ గుండె మీద చెయ్యి వేసుకుని ఊపిరి వదిలింది.

పదకొండు రోజులయింది కారు ఆగిపోయి. పెళ్ళయి రెండు నెలలయింది. ఆమె పనిచేసే ఆస్పత్రి ల్యాబు అరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. ఏడున్నరకల్లా రక్తం తీసే సూది చేత పట్టాలి. భర్త ఆఫీసూ అదే దారిలో, పది కిలోమీటర్లు ఇవతల. అతను మేడలకీ దుకాణాలకీ ప్లాన్లు గీస్తాడు. కారున్నప్పుడు ఇద్దరూ కలిసి వెళ్ళేవాళ్ళు. అతన్ని దింపి, స్టీరింగు తను అందుకుని సాగిపోయేది. పోను ఒక గంట, రాను ఒక గంట. వాళ్ళ కాపురం సగం ఆ కారులోనే జరిగింది. ఎర్ర లైటు దగ్గర ఒకే అరటిపండు ఇద్దరూ పంచుకోవడం, అతను పాట తప్పు పాడితే ఆమె హారను కొట్టడం, వాన పడితే అద్దం మీద అతను పిల్లి బొమ్మ గీయడం, అన్నీ అక్కడే.

ఇప్పుడేమో రెండు బస్సులు మారాలి. నాలుగున్నరకి లేచి వెళ్ళి, రాత్రి ఎనిమిదింటికి చేరి, కంచం ముందు కూర్చుని కునికిపాట్లు పడటం. అత్తగారు నిన్న, "కోడల్ని తెచ్చుకున్నామనుకున్నాను, పేయింగ్ గెస్టు వచ్చింది," అని నవ్వింది. ఎత్తిపొడుపు కాదు, జాలే. ఇంజను పోయిందని తేలితే ఆస్పత్రి పక్కనే గది తీసుకుని, శని ఆదివారాలు మాత్రం ఇంటికి రావాలని భార్యాభర్తలిద్దరూ అనుకుని, ఇంట్లోనూ చెప్పారు. గది చూశారు కూడా. ఒక కిటికీ, ఒక మంచం. ఒంటి మంచం. ఆ గదావిడ రేపటికల్లా ఏదో ఒకటి చెప్పమంది.

శనివారం కాబట్టి ల్యాబు మధ్యాహ్నమే మూశారు. ఆమె బస్సు దిగి నేరుగా షెడ్డుకి వెళ్ళింది. భర్త అప్పటికే అక్కడున్నాడు. పదకొండు రోజుల బస్సు అతని మొహంలోనూ కనబడుతోంది. ఆమెని చూడగానే రెండు చేతులూ చాచబోయి, మేస్త్రి ఉన్నాడని గుర్తొచ్చి జేబుల్లో పెట్టుకున్నాడు. అంత అలసటలోనూ ఆమెకి నవ్వొచ్చింది.

మేస్త్రి నడుం పట్టుకుని కారు కింద నుంచి లేచాడు. "వయసొచ్చింది చెల్లెమ్మా. ఇంజనుకి కాదు, నాకు." ఒక పళ్ళెం ముందుకు జరిపాడు. అందులో నల్లటి బెల్టు, అంచులు కొరికేసినట్టు పీచులు తేలి ఉంది. పక్కన చిన్న ఇనుప జల్లెడ, నిండా నల్లటి రబ్బరు పొట్టు.

"మూడు సిలిండర్ల ఇంజను ఇది. వెయ్యి సీసీకి రెండు తక్కువ. ఒక్కో సిలిండరుకి నాలుగు వాల్వులు. ఆ వాల్వుల్ని ఆడించే బెల్టు దీంట్లో బయట ఉండదు, లోపల నూనెలోనే తడుస్తూ తిరుగుతుంది. అందుకని దీనికి పల్చటి నూనె, దీనికని చెప్పిన రకమే పొయ్యాలి. వేరేది పోస్తే రబ్బరు ఉబ్బుతుంది, పొట్టు రాలుతుంది. ఆ పొట్టు కింద జల్లెడలో అడ్డం పడుతుంది. నూనె పైకెక్కదు. ఎర్ర దీపం వెలుగుతుంది."

"మిగతా చిన్న కార్లకీ ఇంతేనా?" భర్త అడిగాడు.

"వాటి జబ్బులు వేరే. నిప్పురవ్వ పుట్టించే కాయిల్ పోయి ఒక సిలిండరు పడుకుంటుంది, బండి మలేరియా వచ్చినట్టు వణుకుతుంది. నీళ్ళ పైపు ప్లాస్టిక్కు పగులుతుంది, వేడెక్కుతుంది. అవన్నీ ముందే అరిచి చెప్తాయి. ఇది మాత్రం కుక్కిన పేనులా ఉండి ఒక్కసారే చంపుతుంది. మీరు దీపం చూడగానే ఆపారు కాబట్టి సరిపోయింది."

"ఇంతకీ ఏ నూనె పోశారు దీంట్లో?" ఆమె అడిగింది.

మేస్త్రి ఆమె భర్త వంక చూశాడు. భర్త తేలు కుట్టిన దొంగలా నేల వంక చూశాడు.

"లారీ నూనె," అన్నాడు మేస్త్రి గొంతు తగ్గించి. "డీజిలు బళ్ళకి పోసేది. చిక్కటిది."

అర్థమైపోయింది. మామగారు ముప్ఫయ్యొక్క ఏళ్ళు లారీ నడిపారు. రిటైరయ్యాక ఈ కారు కొనుక్కుని ఆరేళ్ళు కంటికి రెప్పలా చూసుకున్నారు. కొడుకు పెళ్ళి కాగానే తాళాలు కోడలి చేతిలో పెట్టారు. నూనె మార్చే పని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. నాలుగు నెలలకోసారి చొక్కా విప్పి, తనే కారు కింద దూరేవారు.

"మావయ్యకి చెప్పారా?"

"నాకు ఇంజను వినడం నేర్పింది ఆయనే చెల్లెమ్మా. ఏ నోటితో చెప్పను?"

"నాన్నకి నేను చెప్పలేను," అన్నాడు భర్త. "ఆయన ఇప్పుడే వస్తున్నారు. బెల్టు పాతబడి తెగిందని చెప్పేద్దాం."

"మళ్ళీ ఆ నూనే పోస్తారు కదా?"

అంతలో గేటు చప్పుడయింది.

మామగారు లోపలికి వచ్చారు. భుజాన తువ్వాలు, చంకలో నాలుగు లీటర్ల డబ్బా. పసిబిడ్డని మోసినట్టు మోసుకొస్తున్నారు. మొహం వెలిగిపోతోంది. "ఇంజను బతికిందటగా! ఇదిగో, మంచిది తెచ్చాను. ఎంత వేడెక్కినా జావ కాదు. ఇంతకీ ఏమయిందిరా?"

"పాత బెల్టు గురువుగారూ," అన్నాడు మేస్త్రి. "కాలం తీరింది, పోయింది."

"అంతేగా! నా నూనె వల్లే ఇన్నాళ్ళు లాగింది," అని ఆయన డబ్బా బల్ల మీద పెట్టి మూత తిప్పబోయారు.

ఆమె కాళ్ళు లాగుతున్నాయి. తెల్లవారుజామునుంచీ మెలకువగా ఉన్న కళ్ళు మండుతున్నాయి. మంచిమాటలు వెతుక్కునే ఓపిక లేదు. ఉన్నదంతా నోట్లోంచి వచ్చేసింది.

"మావయ్యా, ఆ నూనె పొయ్యకండి. బెల్టుని అదే తినేసింది."

ఆయన చెయ్యి మూత మీదే ఆగింది. భర్త తుమ్మబోయినవాడిలా మొహం పెట్టాడు.

"నా లారీ ముప్ఫయ్యొక్క ఏళ్ళలో ఏనాడైనా నూనె లేక ఆగిందా?"

"ఆగలేదు. కానీ అది లారీ, మావయ్యా. ఇది దాని చక్రమంత కూడా లేదు."

"ఏవిట్రా, నిజమేనా?" ఆయన మేస్త్రి వైపు తిరిగారు.

మేస్త్రి పళ్ళెం దగ్గరికి జరిపాడు. ఆయన ఆ జల్లెడ అందుకుని, వేలితో పొట్టు నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. షెడ్డు బయట ఎవరో మోటారు సైకిలు కిక్కు కొడుతున్నారు, అది అంటుకోవడం లేదు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"పొద్దున్నే గురువుగారూ."

"మరి ఇప్పుడు నాతో అబద్ధమెందుకు చెప్పావు?"

మేస్త్రి గుడ్డ తీసి చేతులు తుడుచుకోసాగాడు. ఆయన కొడుకు వైపు చూశారు. కోడలి వంక మాత్రం చూడలేదు. కారు తలుపు తీసి, ముందు అరలోంచి ఏదో పుస్తకం లాగి చంకలో పెట్టుకుని, డబ్బా అక్కడే వదిలేసి నడుచుకుంటూ వెళ్ళిపోయారు.

ఇంటికి వెళ్ళే దారిలో భర్త, "తొందరపడ్డావేమో," అన్నాడు మెల్లగా.

"పడ్డాను. నువ్వు చెప్పుంటే పడేదాన్ని కాదు."

అతను ఆమె సంచి తన భుజానికి తగిలించుకున్నాడు. దాంట్లో ఖాళీ డబ్బా తప్ప ఏమీ లేదు. అయినా అది అతని భుజానికి చేరగానే ఆమెకి సగం బరువు దిగినట్టయింది. సగమే. రెండు నెలల కోడలు మామగారిని షెడ్డులో నిలబెట్టి తప్పు పట్టింది. రేపటినుంచి ఆయన ఆమెతో మాట్లాడకపోతే? కారుని మళ్ళీ తన ఇష్టం వచ్చినట్టే చూసుకుంటానంటే? ఆ ఒంటి మంచం గది కళ్ళముందు కదిలింది.

ఇంట్లో అత్తగారు గుమ్మంలోనే ఎదురొచ్చింది. "ఏం చేశారే మీరు? మా ఆయన చదువుకుంటున్నాడు! నలభై ఏళ్ళ కాపురంలో ఇదే మొదలు. భయమేస్తోంది నాకు."

నిజమే. మామగారు కిటికీ పక్కన కుర్చీలో, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని కూర్చున్నారు. చేతిలో కారుతో పాటు ఇచ్చిన పుస్తకం. దాని ప్లాస్టిక్ తొడుగు అప్పుడే చింపినట్టుంది, కాళ్ళ దగ్గర పడి ఉంది. వేలు ఒక్కో గీత మీదా ఆగుతోంది.

ఆమె గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. "మావయ్యా, షెడ్డులో నేను అలా..."

"కూర్చో. కాళ్ళు లాగట్లేదా?" తల ఎత్తలేదు. "అరవై ఏడు హార్సుపవరట. నా లారీలో హారనుకే అంత ఉండేది."

ఆమె నేల మీదే కూలబడింది. నవ్వాలో వద్దో తెలియలేదు.

"నూనె మూడున్నర లీటర్లు అని రాశాడు. నేను నాలుగూ పోసేవాణ్ణి. అరలీటరు మిగిల్చి ఏం చేసుకుంటాం అని." పేజీ తిప్పారు. "పల్చటిదే పొయ్యమని మూడుచోట్ల రాశాడు. మూడుచోట్ల! పుస్తకం చూసి బండి నడిపేవాడు డ్రైవరే కాదని మా రోజుల్లో అనేవాళ్ళం. నేనే అనేవాణ్ణి."

"మీరు బాగా చూసుకోవాలనే కదా నాన్నా," అన్నాడు కొడుకు.

"నువ్వు మాట్లాడకు. పెళ్ళాం చేత చెప్పించావు." విసుగే, కానీ వేడి లేదు. కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నారు. ఆయన కూడా ఎంత అలసిపోయారో ఆమెకి అప్పుడు కనబడింది. "నేను పోసిన ప్రతిసారీ దాన్ని కొంచెం కొంచెం చంపాను. మీ ఇద్దర్నీ ఎక్కించి అదే కారు చేతిలో పెట్టాను. ఎనభైలో పోతుంటే నడిరోడ్డు మీద ఆగిపోయి ఉంటే? వెనకాల నాలాంటివాడి లారీ వస్తుంటే?"

అత్తగారు లోపలికి వెళ్ళి నాలుగు కప్పుల టీ తెచ్చింది. ఒక కప్పు చేతికివ్వబోతుంటే ఆయన ముందు కోడలికి ఇమ్మని చూపించారు.

టీ సగం తాగాక పుస్తకం మూసి మోకాలి మీద పెట్టుకున్నారు.

"మేస్త్రికి ఫోను చేశాను. బెల్టు ఈ సాయంత్రమే కడతాడు. వాడి నడుం సంగతి వాడే చూసుకుంటాడు, అబద్ధమాడినందుకు ఆమాత్రం శిక్ష ఉండాలి. రేపు ఆదివారం. ఎనిమిదింటికి ముగ్గురం షెడ్డుకి పోదాం. దారిలో పల్చటి నూనె కొందాం, డబ్బా మీద ఏం రాసుందో నువ్వే చదివి చూడు. పోసేది నువ్వు. గరాటా నేను పట్టుకుంటాను." కొడుకు వైపు చెయ్యి ఊపారు. "వీడు కింద గుడ్డ పరుస్తాడు. బయల్దేరేముందు ఆ గదావిడకి ఫోను చేసి వద్దని చెప్పెయ్యి."