జీడిపిక్కల అతుకు

కుండలోని పాత నీళ్ళు పారబోసి, సముద్రం నుంచి తెచ్చిన కొత్త నీళ్ళు పోస్తున్నాను. సగం పోశాక గాని గమనించలేదు, కుండలో చెక్క లేదు.

అది పాత పడవ ముక్క. దాని పగులు మీద గోనెపీచు పరిచి, జీడిపిక్కల పెంకుల నూనెతో చేసిన నల్లటి జిగురు పూశాను. ఆటోనగర్‌లో నేను పనిచేసే షెడ్డులో ఆ జిగురు తయారుచేస్తాం. పచ్చి నూనె తగిలితే చేతులు పొక్కుతాయి. కాచి, ఆ గుణం పోగొట్టాకే జిగురు చేస్తాం. అతుకు పాతబడితే వేడి చేసి ఒలిచి, మళ్ళీ కరిగించి వాడుకోవచ్చు. పడవల నుంచి ఊడి ఒడ్డున గుట్టపడ్డ ఫైబరు అతుకులు మాత్రం దేనికీ పనికిరావు.

చేపల వేటకి నిషేధం ఉండే ప్రతి వేసవిలోనూ మా పడవ పగుళ్ళకి అయ్య ఫైబరు మందనే రసాయన జిగురు పూస్తాడు. ఆ ఘాటుకి ఆయనకి ఊపిరి అందడం లేదు. మళ్ళీ దాని జోలికి వెళితే ఇక వేటకి పనికిరావని డాక్టరమ్మ చెప్పేసింది. పోనీ ఇంకొకరి చేత పూయించమంటే వినడు. ఎవరి పడవకి వాళ్ళే అతుకు వెయ్యాలనీ, పరాయి చెయ్యి పడితే గంగమ్మ మెచ్చదనీ మా పేటలో పట్టింపు.

నేను జిగురు డబ్బా తెచ్చిన రోజున నవ్వాడు. "జీడిపిక్కలు పాయసంలో ఏసుకోవాల గానీ పడవకేటే ఈశ్వరీ? ముందు ఉప్పునీళ్ళకి ఆగనీ, అప్పుడు సూద్దాం."

అందుకే ఆ కుండ. ఇవాళ సాయంత్రం చెక్క తీసి చూపించాలి. నమ్మకం లేక కాబోలు, అయ్య ఫైబరు మందు డబ్బా కూడా తెచ్చి గుమ్మం పక్కన పెట్టుకున్నాడు.

పెరట్లోకి వెళ్ళాను. అమ్మ కానాగంతలు కోస్తోంది. చేపల కింద నా చెక్క!

"అమ్మా! అదేటి సేసినావే?"

"ఏటయింది? కొత్త సేపల పీటని నానబెట్టే కదా వాడతాం. నాకోసమే నానబెట్టినావనుకున్నాను," అంది అమ్మ కత్తి ఆపకుండా. "మంచి సెక్కేలే. ఆ నల్ల సోట ఎంత నరికినా కత్తి దిగట్లేదు."

నాకు ఏడుపొచ్చింది. వెనకనుంచి అయ్య పకపకా నవ్వాడు. "ఒలే జోగీ, కూతురి పరీచ్చని పులుసులో ఏసీసినావు కదే!"

నవ్వు దగ్గయింది. గోడ పట్టుకుని వంగిపోయాడు. అమ్మ కత్తి వదిలేసి, చేపల చేతులతోనే వీపు రాసింది.

దగ్గు తగ్గాక అయ్య చెక్కని కడిగాడు. కత్తి మొనతో అతుకు అంచుని గుచ్చి పైకి లేపబోయాడు. అది లేవలేదు. నావైపు చూడకుండా లోపలికి వెళ్ళి, నా జిగురు డబ్బా మూత తీశాడు. మొహం దూరంగా పెట్టి, భయం భయంగా వాసన చూశాడు. తర్వాత దగ్గరికి వంగి, ఈసారి గట్టిగా పీల్చాడు.

నేను దగ్గు కోసం ఎదురుచూశాను. రాలేదు.

"అన్నం తినెల్లు," అంది అమ్మ, బయల్దేరుతున్న అయ్యతో.

అయ్య ఫైబరు డబ్బాని కాలితో పక్కకి నెట్టి, నా డబ్బా చంకన పెట్టుకుని, ఒడ్డునున్న మా పడవవైపు వెళ్ళిపోయాడు.