బుధవారం బడి

బుధవారం మధ్యాహ్నం రెండు కొట్టేసరికి డాక్టర్ ఎడ్విన్ గార్‌సైడ్ మళ్ళీ బడిపిల్లాడయ్యేవాడు. వంతెనల ఇంజనీరింగులో డాక్టరేటు, పద్నాలుగేళ్ళుగా పాఠాలు చెప్పిన అనుభవం, నలభై మూడేళ్ళ వయసు, అన్నీ తలుపు బయట వదిలేసి, గుండ్రంగా వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో ఒకదాంట్లో కూలబడేవాడు. చేతికిచ్చిన పసుప్పచ్చ చీటీ మీద ఈరోజు తన మనసెలా ఉందో రాసి గోడకు అతికించేవాడు. యూనివర్సిటీ లెక్చరర్లకు పాఠం చెప్పడం నేర్పే కోర్సు అది. రెండేళ్ళు, వారానికో పూట. బుధవారం మధ్యాహ్నాలు విద్యార్థులంతా మైదానాల్లో ఆటలాడుతూ బురదలో పొర్లుతుంటారు, క్లాసులుండవు. అందుకని ఆ పూటను వీళ్ళ నెత్తిన రుద్దారు.

ఎగ్గొడదామంటే కుదరదు. మూడేళ్ళ ప్రొబేషన్ ముగిసేలోగా ఆ సర్టిఫికెట్ రాకపోతే ఉద్యోగం పర్మనెంట్ కాదు. ఇంగ్లండులో, యార్క్‌షైర్‌లోని ఈ వానల ఊరు ఎడ్విన్‌కు నాలుగోది. ముందు మూడు ఊళ్ళలోనూ ఉద్యోగం మూన్నాళ్ళ ముచ్చటే అయింది. భార్య బ్రాన్వెన్ తేల్చి చెప్పేసింది.

"ఈసారి ఊరు మారాలంటే నువ్వొక్కడివే మారు. పిల్ల బడి మాన్పించి నీ వెనకాల తిరగడం ఇక నా వల్ల కాదు."

కోర్సు నడిపే ఫిలిప్పా రౌట్లెడ్జ్ అసలు విద్యార్థులకు పాఠం చెప్పి పద్నాలుగేళ్ళు దాటింది. మెడలో కోడిగుడ్డంత చెక్కపూసలు వేసుకుని, పళ్ళెం నిండా బిస్కెట్లు పెట్టి, "నేను మీ టీచర్ని కాదు, మీ తోటి ప్రయాణికురాలిని" అనేది.

"మరి మార్కులు వేసేదెవరో? డ్రైవరా?" అని ఎడ్విన్ పక్కవాళ్ళకు వినపడేలా గొణిగేవాడు. పక్కవాళ్ళు కిసుక్కుమనేవాళ్ళు. ఆ నవ్వు కోసమే వారమంతా ఎదురు చూసేవాడేమో కూడా. కోర్సులో చెప్పేది మాత్రం ఒక్క ముక్క వినేవాడు కాదు.

ఆ కోర్సులో జంటల పద్ధతి ఒకటుంది. ఇద్దరేసి లెక్చరర్లు ఒకరి క్లాసులో ఒకరు గంటసేపు కూర్చుని, చూసింది చూసినట్టు నివేదిక రాసివ్వాలి. కాగితం మీద ఉన్న పద్ధతి ఇది. జరిగేది వేరు. ఇద్దరూ క్యాంటీన్‌లో టీ తాగుతూ ఒకరికొకరు "అద్భుతం" అని రాసిచ్చుకుంటారు. ఎడ్విన్‌కు జంటగా నూలా డెవ్లిన్ వచ్చింది. ఐరిష్ మనిషి, ఇరవై ఏడేళ్ళు ఆసుపత్రి వార్డులో నర్సుగా చేసి, ఇప్పుడు నర్సింగు పాఠాలు చెప్పడానికి చేరింది.

"నూలా, మనకెందుకొచ్చిన తిప్పలు? నాది నువ్వు రాసెయ్, నీది నేను రాసేస్తా" అన్నాడు ఎడ్విన్.

"చూడకుండానా?"

"అందరూ చేసేదే కదా."

"జ్వరం చూడకుండా చార్టు నింపిన నర్సును ఒకసారి ఇంటికి పంపించాను నాయనా. నవంబరు ఏడున పదకొండింటికి నీ క్లాసుకొస్తాను. వెనకాల కూర్చుంటాను. నేనున్నానన్న సంగతే మర్చిపో."

మర్చిపోవడం అతనికేమీ కష్టం కాలేదు. విద్యార్థులున్న సంగతే గుర్తుండనివాడికి వెనక కూర్చున్న నర్సు ఎక్కడ గుర్తుంటుంది? గంటసేపూ బోర్డుకు మొహం, క్లాసుకు వీపు పెట్టి, ఒకే ఒక్క సూత్రాన్ని మూడు బోర్డుల నిండా సాధించి పారేశాడు. గంట కొట్టగానే పుస్తకాలు చంకన పెట్టుకుని బయల్దేరాడు. నూలా వరండాలో ఎదురొచ్చి ఏదో చెప్పబోయింది.

"అదంతా నివేదికలో రాసెయ్ నూలా, నాకు మీటింగుంది" అంటూ సాగిపోయాడు.

ఆమె రెండు పేజీలు రాసి పంపింది. రెండు పేజీలని చూడగానే అతనికి ఆవలింత వచ్చింది. చదవకుండానే తన కోర్సు ఫైలు చివర నాలుగో అనుబంధంగా తగిలించాడు. ఆమె క్లాసుకు మాత్రం వెళ్ళలేదు. "అద్భుతం" అని నాలుగు వాక్యాలు రాసి పంపించి, తానే ఆమెకు మేలు చేశాననుకున్నాడు.

ఇక మిగిలింది ఆత్మపరిశీలన వ్యాసం. దాని కిటుకు నిరుడు పాసైనవాళ్ళు చెప్పారు. "నీ క్లాసు బాగా జరిగిందని రాశావో, నీ పని ఖాళీ. ఘోరంగా జరిగిందని రాయి. తప్పు తెలుసుకున్నానని ఏడువు. వాళ్ళకు కావలసింది అదే."

జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం రేడియోలో రగ్బీ వింటూ ఎడ్విన్ ఏడుపు రాశాడు. తాను బోర్డుకేసి తిరిగి ఉండగా ఒక అమ్మాయి కన్నీళ్ళతో లేచి వెళ్ళిపోయిందట. తాను గమనించనే లేదట. తర్వాత తెలిసి కుమిలిపోయాడట. ఆ రోజు నుంచీ మారిన మనిషట. నడుమ తాను చదవని ఇద్దరు పండితుల పేర్లు ఇరికించాడు. పూర్తయ్యాక భార్యకు రాగం తీస్తూ చదివి వినిపించాడు.

"ఎవరా అమ్మాయి?" అంది బ్రాన్వెన్.

"ఎవరూ లేరు. ఏటా ప్రతివాడి వ్యాసంలోనూ ఎవరో ఒకరు ఏడుస్తారు. కన్నీళ్ళు కావాలన్నారు, పోశాను."

"ఛీ, నీకు బొత్తిగా సిగ్గు లేకుండా పోతోంది" అంది ఆమె. అతను అది పొగడ్త అనుకున్నాడు.

ఆ బ్యాచ్ మొత్తానికి అతనికే ఎక్కువ మార్కులు వచ్చాయి. "మీ నిజాయితీ నన్ను కదిలించింది" అని ఫిలిప్పా ఆకుపచ్చ సిరాతో రాసింది. ఎడ్విన్ ఆ మాటను స్టాఫ్‌రూములో నలుగురికీ చూపించి పడీ పడీ నవ్వాడు.

జూన్‌లో ప్రొబేషన్ కమిటీ పిలిచింది. బల్లకు అవతల డీన్ హెస్టర్ ఓల్డ్‌రాయిడ్, పక్కన ఫిలిప్పా కూర్చున్నారు. హెస్టర్ ముప్పై ఏళ్ళు ఉక్కు మీద పరిశోధన చేసిన మనిషి. ఆమె ముందు ఎడ్విన్ కోర్సు ఫైలు, అనుబంధాలతో సహా ఉంది. ఫైలు మొత్తం కమిటీకి వెళ్తుందని మొదటి బుధవారమే చెప్పారు. అతను వింటేగా!

"ఎడ్విన్, ఒక విద్యార్థిని ఏడుస్తూ వెళ్ళిపోయిందని రాశారు. అలాంటిది జరిగితే డిపార్టుమెంటుకు చెప్పాలి. ఎందుకు చెప్పలేదు?" అంది హెస్టర్.

ఎడ్విన్ ఇరుకున పడ్డాడు. అది నిజంగా జరిగిందంటే బాధ్యత లేనివాడవుతాడు. అంతలోనే ధైర్యం వచ్చింది. ఈవిడ కూడా ఇంజనీరే. ఈ చీటీల చదువంటే తనలాగే ఒళ్ళు మండుతూ ఉంటుంది. కాస్త ముందుకు వంగి, చిన్నగా నవ్వాడు.

"మేడమ్, మనలో మాట. అది కల్పించి రాసింది. అలాంటి అమ్మాయి ఎవరూ లేరు. ఈ కోర్సులో అలా రాస్తేనే మార్కులు పడతాయి."

ఫిలిప్పా మొహం కందగడ్డయింది. హెస్టర్ నవ్వలేదు.

"నూలా డెవ్లిన్ నివేదిక మీరే జతపరిచారు. చదివారా?"

"చదివాను."

"అయితే ఇంకోసారి వినండి." ఆమె కళ్ళజోడు సర్దుకుని చదివింది. "'పదకొండూ ముప్పై అయిదుకు మూడో వరస చివర కూర్చున్న అమ్మాయి ఏడుస్తూ బయటికి వెళ్ళింది. ఎడ్విన్ బోర్డు మీద రాస్తున్నాడు. నేను వెంట వెళ్ళి పది నిమిషాలు మెట్ల మీద కూర్చోబెట్టాను. నెల రోజులుగా ఏమీ అర్థం కావడం లేదట. రెండుసార్లు అతని గదికి వెళితే తర్వాత రమ్మన్నాడట. క్లాసయ్యాక అతనికి చెప్పబోతే నివేదికలో రాయమన్నాడు. రాస్తున్నాను. దయచేసి ఈ వారమే ఆ పిల్లతో మాట్లాడమని నా మనవి.'"

హెస్టర్ కాగితం బల్ల మీద పెట్టి ఫిలిప్పా వైపు తిరిగింది.

"అందుకే నేను... వ్యాసం, నివేదిక రెండూ సరిపోయాయి కదా, నిజమే రాశాడనుకున్నాను" అంది ఫిలిప్పా.

"నిజమనుకుని మార్కులు వేశారు. ఆ పిల్ల ఏమైందని ఎవరినైనా అడిగారా?"

ఆ తోటి ప్రయాణికురాలు మెడలోని పూసలు తడుముకుంది.

"ఫిబ్రవరిలో చదువు మానేసి వెళ్ళిపోయింది" అంది హెస్టర్. "నిన్న నేను ఫోన్ చేశాను. మాట్లాడింది. ఎడ్విన్, మిమ్మల్ని ఇప్పుడే పంపించేయమని నా మనసు చెబుతోంది. కానీ మీకూ ఇల్లూ సంసారం ఉన్నాయి. ఇంకో ఏడాది గడువివ్వడం నా చేతిలో ఉంది. మీ క్లాసులో ఉన్నది ఇరవై ఆరుగురు. అందులో ఆడపిల్లలు అయిదుగురు. మీకు నేర్పే ఉద్దేశం ఉందని నేను నమ్మడానికి ఒక్కటి చాలు. ఆమె పేరు చెప్పండి."

ఎడ్విన్ కళ్ళు మూసుకున్నాడు. మూడో వరసను తలుచుకోబోయాడు. తలపుకు బోర్డు వచ్చింది, దాని మీది సూత్రం వచ్చింది, ఏ మూల ఏ అంకె రాశాడో వచ్చింది. ఒక్క మొహం రాలేదు. జీవితంలో మొదటిసారి అతనికి సిగ్గేసింది. నవ్వి తప్పించుకోవడానికి వీల్లేని సిగ్గు అది. బ్రాన్వెన్, పిల్ల, ఊరు, అన్నీ ఆ ఒక్క పేరు దగ్గర ఆగి ఉన్నాయి. తెలియదని ఒప్పుకున్నా ఎంతో కొంత మర్యాద మిగిలేది. అది కూడా చేతకాలేదు. ఏ క్లాసులోనైనా ఒకరుంటారు కదా అనుకుని,

"ఎమ్మా" అన్నాడు.

హెస్టర్ ఫైలు మూసేసింది.

"మీ క్లాసులో ఎమ్మా ఎవరూ లేరు" అంది.