ఖాళీ డబ్బా, బంతిపూల దండ, నేను

నేను ఒక పసుపుపచ్చ బెల్టును. నడుముకు పెట్టుకునేదాన్ని కాదు, ట్రైలర్ మీద సరుకు కదలకుండా బిగించేదాన్ని. నాకు రెండు చివర్లా ఇనప కొక్కేలు, ఒక పక్క పళ్లున్న బిగింపు ఉంటాయి. పిడి ఆడించిన కొద్దీ ఆ బిగింపు టిక్కుటిక్కుమంటూ నన్ను లోపలికి చుట్టుకుంటుంది.

నన్ను మిల్లులో గట్టి దారాలతో నేశారు. తెగుతానేమోనని లాగి చూశారు, అనుమానం తీరక మళ్లీ లాగి చూశారు. పుట్టగానే అంతమంది అనుమానపడితే ఎవరికైనా భయం పట్టుకోదూ? నాకూ పట్టింది. బిడ్డ బడి నుంచి కాస్త ఆలస్యంగా వస్తే చాలు, ఏ లారీ కిందో పడిందని గుండెలు బాదుకునే తల్లులుంటారు చూడండి, నేను ఆ రకం.

మొదట విశాఖ రేవు దగ్గర ఒక ట్రాన్స్‌పోర్టు ఆయన దగ్గర పనిచేశాను. ఇనప చుట్టలు, పైపులు ఎన్ని పట్టుకున్నానో. బరువైన సరుకుతో నాకు బెంగ లేదు, అది తన బరువుకు తానే కూర్చుంటుంది. నా ప్రాణం తీసేది ఖాళీ కంటైనర్లే. గదంత డబ్బా, లోపల ఏమీ ఉండదు. పక్కనుంచి గాలి కొట్టిందంటే తెరచాపే అయిపోతుంది. కానీ మనుషులకు బరువును చూస్తేనే భయం. నిండు డబ్బాకు గొలుసులు, బెల్టులు, దండాలు. ఖాళీదానికి మాత్రం “ఉత్తిదే కదా” అని ఏదో ఒక తాడు. ఆ మాట వినబడితే చాలు, నా దారాలన్నీ బిగుసుకుపోతాయి.

ఆ ట్రాన్స్‌పోర్టు మూతపడ్డాక నేనూ నా జత బెల్టూ డ్రైవర్ నూకరాజు చేతికొచ్చాం. అతని భార్య వరాలు భీమిలిలో తోపుడు బండి మీద ఇడ్లీలు అమ్మేది. వానొస్తే పొయ్యి ఆరిపోయేది, ఎండకు తల మాడిపోయేది. ఎన్నో ఏళ్లు ఆశపడి ఇద్దరూ ఒక పాత కంటైనర్ సంపాదించారు. గాజువాకలో దానికి కిటికీ కోయించి, నీలం రంగు వేయించారు. అదే వాళ్ల హోటల్. ఇక భీమిలి చేర్చడమే మిగిలింది. దారిలో పడిందా, మళ్లీ తోపుడు బండే.

కంటైనర్ల కోసమే చేసిన ట్రైలర్‌కు నాలుగు మూలలా డబ్బా అడుగును పట్టే తాళాలుంటాయి. నూకరాజుది ఉత్త చదును బల్లలాంటి ట్రైలర్. ఉన్నదల్లా మేమిద్దరం, పెట్టెలో పడి ఉన్న గొలుసులు.

బయల్దేరే ముందు వరాలు బంతిపూల దండ తెచ్చింది. దండ వేయకుండా కొత్త వస్తువును కదిలించడం ఆమెకు తెలియదు. డబ్బా పైకి చెయ్యి అందక, నా బిగింపుకే చుట్టింది.

“ఒలే, ఆగవే! ఇంకా బిగించనేదు,” అన్నాడు నూకరాజు.

“నీ పని నువ్వు సేసుకో మావా. పూలేటి సేస్తాయి నిన్ను?”

అతను నవ్వి పిడి ఆడించాడు. టిక్కు, టిక్కు. దండ కూడా నాతోపాటే లోపలికి చుట్టుకుపోయింది. చూడటానికి బిగువుగానే ఉన్నాను. కానీ నా మడతల మధ్య ఉన్నది మెత్తటి పూలని నాకు తెలుసు.

“మరి గొలుసులు?” అంది వరాలు.

“ఉత్తిదే కదేటే! లెగిసిపోద్దేటి?”

లేచిపోతుందనే నేననుకున్నాను. దారిలో వంతెన, కింద ఏరు, అందులో తేలుతున్న నీలం హోటల్, అన్నీ కళ్లకు కట్టాయి. నాకు కళ్లే లేవు, అది వేరే సంగతి.

తగరపువలస దాటేసరికి పూలు నలిగి రసం కారాయి. నేను వదులయ్యాను. బిగువుగా ఉన్నంతసేపూ గాలికి సన్నగా గుయ్యిమనేదాన్ని, ఇప్పుడు పటపటా కొట్టుకోవడం మొదలుపెట్టాను. అంతకంటే నాకు అరవడం రాదు.

క్యాబిన్‌లో వరాలు చెవులు రిక్కించింది. “మావా, ఆపు. బెల్టు ఏడుస్తంది.”

“పొద్దున్నుంచీ ఏడుస్తన్నది నువ్వే!”

“ఆపుతావా, దూకేమంటావా?”

వంతెనకు ఇవతల కొబ్బరిబొండాల పాక పక్కన ఆపాడు. నా కింద చెయ్యి పెట్టాడు. మోచెయ్యి దాకా దూరిపోయింది. అతని మొహం పాలిపోయింది. గబగబా బిగింపు విప్పితే పచ్చటి ముద్ద బయటపడింది.

“పూలు సట్నీ అయిపోనాయే!”

“దండేసింది నానే. దండతో కలిపి బిగించిందెవులు?”

“ఇద్దరం కలిసే సేసినాంలే. గొలుసులందుకో.”

అతను నా పళ్లు శుభ్రంగా తుడిచి మళ్లీ బిగించాడు. డబ్బా అడుగు మూలలకున్న కన్నాల్లోంచి గొలుసులు దూర్చి ట్రైలర్‌కు ఇంటూ గుర్తులా లాగి కట్టాడు. ఇద్దరూ చెరో పక్క నిలబడి డబ్బాను ఊపి చూశారు. కదల్లేదు.

వంతెన మీదికి ఎక్కామో లేదో సముద్రం గాలి ఒక్కసారిగా కొట్టింది. వెనక పాక మీది టార్పాలిన్ పట్టా గాల్లోకి లేచింది. డబ్బా ఒళ్లంతా నా మీద పడేసింది. భయపడలేదని చెప్పను. భయపడుతూనే పట్టుకున్నాను. గుయ్యిమని పాడుతూ ఏరు దాటించాను. క్యాబిన్‌లో వరాలు పగలబడి నవ్వడం నాకు వినబడింది.

ఇప్పుడు నేను తిరగను. సముద్రం దగ్గర కదా, హోటల్ పైనుంచి నేలలో దిగ్గొట్టిన ఇనప మేకుల దాకా నన్ను బిగించి ఉంచారు. దసరాకు వరాలు దండ పట్టుకొస్తే నూకరాజు పరుగెత్తుకొస్తాడు. “తల్లీ, తలుపుకెయ్యి! నా నెత్తి మీదెయ్యి! దానికి మాత్రం ఒద్దు!” ఇడ్లీ తినేవాళ్లంతా గొల్లున నవ్వుతారు.

పొద్దుగూకే వేళకు జనం వెళ్లిపోతారు. డబ్బా మళ్లీ ఖాళీ అవుతుంది, గాలి మొదలవుతుంది, నా గుబులూ మొదలవుతుంది. సన్నగా గుయ్యిమంటాను. తాళం వేస్తున్న వరాలు ఒక్క క్షణం ఆగి చెవి పెడుతుంది.

“బాగానే పాడతంది,” అని నిశ్చింతగా ఇంటికి పోతుంది.