అక్క పనిముట్లకు పట్టిన తుప్పు

మా అక్క సిటీ బస్సు నడుపుతుంది. అంత పెద్ద స్టీరింగు తిప్పీ తిప్పీ ఆమె అరచేతులు కాయలు కాశాయి. ఆ చేతులతో తోలును ఉల్లిపొరంత పల్చగా చెక్కగలదని ఎవరైనా చెబితే నేనూ నమ్మేదాన్ని కాదు. కళ్లజోళ్ల షాపులో ఉద్యోగం దొరికి వాళ్లింట్లోనే ఉంటున్నాను కాబట్టి, కళ్లారా చూశాను.

ఒక సెలవురోజు బావ బెల్టు తెగింది. ఆయన పారేయబోతుంటే అక్క లాక్కుని, కుట్టు విప్పి చూసింది.

"ఇందులో ఏముంది? రెండు పొరలు, ఒక కుట్టు. నేనే కుడతా."

ఆ ఊపులోనే ఆన్‌లైన్‌లో పెద్ద సెట్టు తెప్పించింది. సూట్‌కేసులాంటి డబ్బా. మూత తీస్తే వరసలు వరసలుగా తళతళలాడే పనిముట్లు. వాటిలో సగం ఎందుకు వాడతారో మాలో ఎవరికీ తెలియదు. మొదటి బెల్టు సగంలో ఉండగానే తోలుకు తూట్లు పొడిచే ఆరె వంకరపోయింది. కత్తి తోలును కొయ్యడం మానేసి నమలడం మొదలుపెట్టింది.

"డబ్బా మాత్రం గట్టిదే. గుండీలు దాచుకుందాం," అన్నాడు బావ.

అక్క నవ్వలేదు. మర్నాడు డ్యూటీ దిగగానే నన్ను వెంటబెట్టుకుని పాత మార్కెట్టు వెనక సందులోని పనిముట్ల షాపుకి వెళ్లింది. షాపావిడ కళ్లజోడు సర్దుకుని రకరకాల కత్తులు బల్లమీద పరిచింది. అక్క ఒక్కోదాన్నీ పిడికిట్లోకి తీసుకుని, గేరు రాడ్డు మీద చెయ్యి వేసినట్టు మణికట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. వాటిలో ఒకదాని పిడి నగిషీ చెక్కి ఎంతో అందంగా ఉంది. నాకు అదే నచ్చింది.

"చూడ్డానికి బాగుందే. కానీ చిటికెన వేలికి చోటు లేదు," అంటూ పక్కన పెట్టేసింది. చివరికి లావుపాటి కొయ్య పిడి, పొట్టి అలుగు ఉన్న మామూలు కత్తి తీసుకుంది.

"ఆరె, సుత్తి కూడా ఇమ్మంటావా?" అడిగింది షాపావిడ.

"ఇప్పుడే వద్దండీ. దీంతో నా చెయ్యి ఎక్కడ ఆగిపోతుందో చూసుకుని వస్తా."

షాపావిడ నా వైపు చూసి, ఈవిడెవరో తేలిగ్గా వదిలే మనిషి కాదు అన్నట్టు కనుబొమలు ఎగరేసింది.

అప్పటినుంచీ అదే పద్ధతి. చెయ్యి ఆగినచోట ఏది అవసరమో అదే కొనేది. అలా ఒక ఆరె వచ్చింది. తర్వాత కుట్టుకు సమానదూరంలో గాట్లు పెట్టే పళ్ల ఉలి, ఆ తర్వాత కొయ్య సుత్తి. ఒకటి చేతికి పూర్తిగా మచ్చికయ్యాకే ఇంకోటి గడప తొక్కేది. బావకి బెల్టు, నాకు పర్సు, తన డ్రైవింగ్ లైసెన్సుకు తొడుగు, ఒకదాన్ని మించి ఒకటి తయారయ్యాయి.

నన్ను ఇంకా ముగ్ధురాల్ని చేసింది పని అయిపోయాక ఆమె చేసే పని. ఎంత అలసిపోయినా కత్తిని పదునుపట్టే తోలుపట్టీ మీద వెనక్కి వెనక్కి లాగి, మెత్తటి గుడ్డతో తుడిచి, చుక్క మెషీన్ ఆయిల్ రాస్తేగాని లేచేది కాదు. ఆరె మొనకి బెండు ముక్క గుచ్చేది. ఉలి పళ్లు ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా పడుకోబెట్టేది. బావ సరదాపడి, అన్నీ తగిలించడానికి హాల్లో, వంటగది గుమ్మం పక్కన ఒక చెక్క బిగిస్తానన్నాడు.

"అక్కడ వంటింటి ఆవిరి తగులుతుందండీ. అయినా నాది షోకేసా ఏంటి?" అంది అక్క.

పడగ్గది బీరువాలో అడుగు సొరుగు ఖాళీ చేసి, అందులో కంబళిలాంటి దళసరి ఫెల్టు గుడ్డ పరిచింది. తోలు ఒరలో మాత్రం కత్తిని దాచేది కాదు. "తోలు చెమ్మ పీల్చి ఇనుముకి అంటిస్తుందే," అని నాకు చెప్పింది. కళ్లజోళ్ల పెట్టెల్లో వచ్చే, చెమ్మ లాగే చిన్న పొట్లాలు మా షాపునుంచి తెచ్చి ఇవ్వడం నా వంతు.

అందరూ ఇలాగే మురిసిపోయారనుకోకండి. మా పై వాటాలో ఒక సంగీతం మేష్టారు ఒంటరిగా ఉండేవారు. అక్క సుత్తి రెండు దెబ్బలు వేసిందో లేదో పైనుంచి ఆయన కర్రతో నేలమీద ధనధనా బాదేవారు. మెట్లమీద ఎదురుపడితే, "డ్రైవరమ్మగారూ, ఇంకా ఎన్ని మేకులు దిగాలి?" అని అడిగేవారు. మేకులు కావని చెప్పినా వినేవారు కాదు. అక్క డిపోలో పారేసిన రబ్బరు పట్టా తెచ్చి బల్ల కాళ్లకింద వేసింది. చప్పుడు సగానికి సగం తగ్గింది. ఆయన బాదుడు మాత్రం తగ్గలేదు.

ఇలా ఉండగా మేం ముగ్గురం బావ చెల్లెలి ఇంటికి వెళ్లి కొన్నాళ్లుండి వచ్చాం. తలుపు తీయగానే ముక్కవాసన గుప్పుమంది. పడగ్గది గోడ రంగు పొంగి వేలాడుతోంది. బీరువా చెక్క ఉబ్బిపోయి, అడుగు సొరుగు ఎంత లాగినా రాలేదు. బావ స్క్రూడ్రైవరు దూర్చి ఊడబెరికాడు.

అక్క ప్రేమగా పరిచిన ఫెల్టు గుడ్డే కొంప ముంచింది. పైనుంచి కారిన నీళ్లన్నీ తాగి, పనిముట్లకు అతుక్కుని కూర్చుంది. కత్తి, ఆరె, ఉలి, అన్నీ ఇటుకపొడిలో పొర్లించినట్టున్నాయి. అక్క నేలమీద కూలబడి కత్తిని ఒళ్లో పెట్టుకుంది. ఎంత ట్రాఫిక్‌లోనూ చెక్కు చెదరని మనిషి, బొటనవేలితో ఆ తుప్పును గీకడం మొదలుపెట్టింది.

"పోనీలే, కొత్తవి కొనుక్కుందాం," అన్నాడు బావ మెల్లగా.

"కొత్తవి దొరుకుతాయండీ. ఇవి నా చెయ్యి ఎరిగినవి," అంది.

అప్పుడే తలుపు చప్పుడైంది. మేష్టారు! మనిషి వాలిపోయి ఉన్నారు. "మా బాత్రూం పైపు పగిలిందమ్మా. నీళ్లు కట్టేశాను గానీ, అప్పటికే కిందికి దిగిపోయాయి. మీరేమో ఊళ్లో లేరు. ఏం పోయినా నాదే బాధ్యత," అన్నారు.

ఇహ ఇల్లు దద్దరిల్లుతుందనుకున్నాం నేనూ బావా. అక్క ఆయన్ని ఎగాదిగా చూసింది.

"మేష్టారూ, మీ చేతులు ఖాళీయేనా?"

"ఆఁ?"

"అయితే కూర్చోండి."

ఆయన చేతికి ఆరె, నూనె సీసా, తుప్పు రుద్దే సన్న ఎమెరీ కాగితం ఇచ్చింది. "గట్టిగా రుద్దకండి. ముందు నూనె నాననివ్వండి. తర్వాత ఒకే వైపుకి, పొడవునా."

ఆ సాయంత్రం మొదలై, పనిముట్లన్నీ తేరుకునేదాకా ఆయన రోజూ దిగొచ్చారు. చెప్పొద్దూ, చేతివేళ్లంటే ఆయనవే! ఆరె మొన దగ్గర తుప్పుని, పసిపిల్ల గోళ్లు తీసినంత నెమ్మదిగా తీశారు. అక్క సానరాయి మీద కత్తి పట్టింది. తుప్పు తిన్న సన్నటి గుంటలు అంచుదాకా పాకాయి. అవి పోయేదాకా అరగదీస్తే కత్తి గోటి వెడల్పు తగ్గింది. పదును మాత్రం తిరిగొచ్చింది. పళ్ల ఉలి దక్కలేదు. పళ్ల కొసలు రాలిపోయాయి. అక్క దాన్ని కాసేపు చేతిలో ఉంచుకుని పక్కన పెట్టింది.

ఆ రుద్దుళ్ల మధ్యే ఒకనాడు మేష్టారు నోరు విప్పారు. "నా అకార్డియన్ మూగబోయిందమ్మా. హార్మోనియంలా దానికీ గాలి తిత్తి ఉంటుంది. ఆ తిత్తి మూలల్లో తోలు చీలి గాలి పోతోంది. బాగుచేసేవాళ్లే దొరకలేదు. అది మోగినన్నాళ్లూ మీ సుత్తి నా చెవిన పడనేలేదు. అది ఆగాక, ఇంట్లో మీ చప్పుడు తప్ప ఇంకేం లేదు."

అక్క చేతిలో పని ఆగింది. "తీసుకురండి, చూద్దాం."

ఆయన తెచ్చాక తెరిచి చూసింది. తిత్తి ప్రతి మడత మూలకీ వేలెడంత తోలుముక్క. అది మెత్తగా సాగాలి, మూసినప్పుడు మడతలో అణిగిపోవాలి. అంటే అంచులు కాగితంలా పల్చబడాలి.

"నా వల్ల కాదేమో మేష్టారూ. చెడగొడితే?"

"ఇప్పుడేం బాగుందని?"

అక్క షాపావిడ దగ్గరికెళ్లి పల్చటి మేకతోలు తెచ్చింది. కొత్త పనిముట్టు ఒక్కటీ కొనలేదు. ముందు పనికిరాని ముక్కల మీద సాధన మొదలుపెట్టింది. తోలు చిరిగింది, మళ్లీ చిరిగింది. చిరిగినప్పుడల్లా కత్తిని తోలుపట్టీ మీద లాగేది. ఓ ఆదివారం పొద్దున్న నేను పక్కనే కూర్చుని చూశాను. గాజుపలక మీద తోలు పరిచి, కత్తిని దాదాపు పడుకోబెట్టి, ఊపిరి వదులుతూ ముందుకి నెట్టింది. అరిగి సన్నబడ్డ ఆ కత్తి కింద తోలు సన్నటి పొరగా లేచి, చుట్ట చుట్టుకుంది. ముక్కని తీసి కిటికీకి అడ్డంగా పట్టుకున్నాను. అంచులోంచి వెలుతురు కనిపించింది. షాపులో రోజంతా అద్దాలు చూసేదాన్ని, అంత నున్నగా దిగిన అంచు చూసి నాకే ముచ్చటేసింది.

"ఇది మనిషి చేసిందేనా అక్కా?" అన్నాను.

"కదలకుండా పట్టుకోవే, మాటలాపి," అంది.

ముక్కలన్నీ తెగి, అతికి, జిగురు ఆరాక మేష్టారు వచ్చారు. అకార్డియన్ పట్టీలు భుజాలకు తగిలించుకుని, ఒక్క మెట్టూ నొక్కకుండా తిత్తిని మెల్లగా తెరిచారు. గాలి బుస్సుమన్న చప్పుడు లేదు. తర్వాత వేళ్లు మెట్లమీదికి దిగాయి. గదంతా పాటతో నిండిపోయింది. బావ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

అక్క మాత్రం ఆయన పక్కన మోకాళ్లమీద కూర్చుని తిత్తికి చెవి ఆనించి ఉంది.

"ఎలా ఉందమ్మా పాట?" అడిగారు మేష్టారు, ఆపకుండానే.

"ఉండండి మేష్టారూ, ఇంకా ఈ మూలలోనే ఉన్నా."

మూలమూలా విని, చిట్టచివరికి లేచి, కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"గాలి ఎక్కడా పోవట్లేదు. ఇప్పుడు మొదటినుంచి వాయించండి. పాట వింటా."