కుందేలు చెవుల టోపీ

గురువారం పదిన్నర కావస్తోందంటే కరిల్లా ఊరి గ్రంథాలయం ముందు పిల్లల తోపుడుబళ్లు బారులు తీరేవి. లోపల ఎర్ర తివాచీ మీద పదిహేనుమంది పసివాళ్లు బాసింపట్లు వేసుకుని కూర్చునేవారు. గ్రంథాలయాధికారి గ్లెనిస్ ట్రెలోర్ వాళ్ల ముందు చిన్న కుర్చీలో ఒదిగి, బొమ్మల పుస్తకం తిప్పుతూ కథ చెప్పేది. బయట జూన్ నెల చలి, ఆ దేశంలో అది నడి చలికాలం, చుట్టూ మైళ్ల కొద్దీ గోధుమ చేలు. ఇంతకంటే భద్రమైన చోటు లోకంలో మరొకటి ఉంటుందా అనిపిస్తుంది చూసేవారికి. గ్లెనిస్‌కూ అలాగే అనిపించేది. ఆవిడ పొరపాటంతా అక్కడే మొదలైంది.

ఆ పసివాళ్లలో టిల్లీ అనే నాలుగేళ్ల పిల్ల ఉండేది. వాళ్లమ్మ బ్రియనీ ఫిబ్రవరిలో రెండు సంచులతో ఆ ఊరికి వచ్చి, ధాన్యం గిడ్డంగిలో లారీలు తూచే పనిలో కుదిరింది. టిల్లీ నెత్తిన ఎప్పుడూ ఒక ఊదారంగు ఉన్ని టోపీ ఉండేది. దానికి రెండు కుందేలు చెవులు, వాటిలో ఒకటి సగానికి మడత పడి వేలాడుతూ ఉండేది. చనిపోయిన అమ్మమ్మ అల్లిన టోపీ అది. అలాంటిది ఇంకొకటి ఎక్కడా దొరకదు. కథ వింటున్నంతసేపూ టిల్లీ ఆ వేలాడే చెవిని పట్టుకుని కూర్చునేది.

గ్లెనిస్ గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే బల్ల దగ్గర ముప్ఫై ఒక్క ఏళ్లుగా పనిచేస్తోంది. ఆవిడకు ముందున్న పెద్దావిడ మొదటిరోజే నేర్పిన మాట ఒకటుంది. గ్రంథాలయానికి ఎవరు వచ్చారో, ఏం చదివారో, ఎప్పుడు వస్తారో బయటివారికి చెప్పకూడదు. ఎవరైనా ఫోన్ చేసి మా ఆవిడ అక్కడుందా అని అడిగితే, ఆ ఇల్లాలు ఎదురుగా వంటల పుస్తకం తిరగేస్తున్నా సరే, గ్లెనిస్ ఒకటే జవాబు చెప్పేది. "ఎవరున్నారో మేం చెప్పకూడదు బాబూ. కనబడితే ఫోన్ చెయ్యమంటాను." గ్లెనిస్ నోరు విప్పాలంటే కోర్టు కాగితం పట్టుకెళ్లాలి అని ఊళ్లో వేళాకోళం చేసేవారు. ఆ వేళాకోళం విని ఆవిడ లోలోపల గర్వపడేది కూడా.

ఆ ఏడు నగరపాలక కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. జనం రాకపోకలు తగ్గిన గ్రంథాలయాలను వారానికి రెండురోజులే తెరుస్తారట. జనాన్ని రప్పించుకోవాలంటే సోషల్ మీడియాలో పేజీ పెట్టి నడపాలట. అది నేర్పడానికి హామిష్ అనే కుర్ర ఉద్యోగి నగరం నుంచి వచ్చాడు. మంచివాడు, ఓపికమంతుడు. రోజూ ఏదో ఒకటి పెట్టాలన్నాడు. పిల్లల ముఖాలు కనబడకూడదన్నాడు. అన్నిటికంటే ముఖ్యం, ఎవరు ఏ ప్రశ్న వేసినా గంటలోపు ఆప్యాయంగా జవాబివ్వాలన్నాడు.

యాభై తొమ్మిదేళ్ల గ్లెనిస్ మొదట పెట్టిన ఫొటోలో పుస్తకాలకు బదులు ఆవిడ బొటనవేలు వచ్చింది. రొట్టెల దుకాణంలో ఆ వేలి మీద వారం రోజులు జోకులు నడిచాయి. ఆవిడేం చిన్నబుచ్చుకోలేదు. పట్టు పట్టి నెల తిరిగేసరికి అన్నీ నేర్చేసుకుంది. పొలాల్లో ఒంటరిగా ఉండే ఆడవాళ్లు ఆ పేజీ చూసి ఏ పుస్తకం బాగుందో అడిగేవారు. కథల గంటకు వచ్చే పిల్లలు ఆరుగురు కాస్తా పదిహేనుమంది అయ్యారు. ఈ వయసులో నాకూ ఇంత వచ్చిందే అని గ్లెనిస్ మురిసిపోయింది. అందులో తప్పేమీ లేదు.

ఒక గురువారం ఆవిడ పిల్లల వెనక నిలబడి ఫొటో తీసింది. చెప్పినట్టే ఒక్క ముఖమూ కనబడలేదు. అన్నీ వీపులు, జుట్లు, మధ్యలో ఒక ఊదారంగు టోపీ. అప్పుడు బ్రియనీ గిడ్డంగిలో పనిలో ఉంది. ముఖాలు లేవు కదా, అడగాల్సిన పనేముంది అనుకుంది గ్లెనిస్. ఆ ఫొటోను మూడువందల మంది పంచుకున్నారు.

శనివారం దాని కింద ఒకతను రాశాడు. పేరు చోట రెండక్షరాలు, ముఖం చోట ట్రక్కు బొమ్మ, మాటల చివర పూలబొమ్మలు. "ఎంత ముద్దొస్తున్నారో! ఆ కుందేలు చెవుల పాప ప్రతివారం వస్తుందా?"

గంటలోపు జవాబివ్వాలి. ఆప్యాయంగా ఇవ్వాలి. గ్లెనిస్ నవ్వుకుంటూ రాసింది. "ఒక్క వారం కూడా మానదు! ప్రతి గురువారం పదిన్నరకు. మీ పిల్లల్ని కూడా తీసుకురండి, టీ, బిస్కెట్లు మావి."

పాఠకులు ఇక్కడ ఆగి చూడాలి. ఇదే ప్రశ్న ఫోన్‌లో వచ్చి ఉంటే గ్లెనిస్ పెదవి కదిపేది కాదు. తెర మీద, పూలబొమ్మలతో వచ్చేసరికి అది ప్రశ్నలా కాక పలకరింపులా కనబడింది. ముప్ఫై ఒక్క ఏళ్లు బల్ల దగ్గర కాపాడిన మాట ఒక్క నిమిషంలో చేజారింది. చేజారిందని ఆవిడకు తెలియను కూడా తెలియలేదు.

మంగళవారం మధ్యాహ్నం బ్రియనీ పని మధ్యలో వదిలి వచ్చింది. తోటి ఉద్యోగిని ఎవరో, మీ పాప టోపీ ఎంత బాగుందో అంటూ ఫోన్ చూపించిందట. బ్రియనీ ముఖంలో నెత్తురు చుక్క లేదు. కోపంగా అరిచి ఉంటే గ్లెనిస్‌కు తేలికగా ఉండేది. ఆమె చాలా నెమ్మదిగా మాట్లాడింది.

"ఆ ట్రక్కు బొమ్మ టిల్లీ వాళ్ల నాన్నది. మా దరిదాపుల్లోకి రాకూడదని కోర్టు చెప్పింది. ఎక్కడున్నామో తెలిస్తేనే కదా రావడం, అందుకే ఇంతదూరం వచ్చాను."

గ్లెనిస్ పేజీ తెరిచి, తాను రాసిన జవాబును మళ్లీ చదివింది.

"కార్డు తీసుకున్న రోజు మీరు నన్నేమీ అడగలేదు," అంది బ్రియనీ. "ఎక్కడినుంచి వచ్చావు, మొగుడేడీ అని ఈ ఊళ్లో అడగనిది మీరొక్కరే. అందుకే టిల్లీని మీ దగ్గర వదిలి పనికెళ్లేదాన్ని. మీ దగ్గర ఏ భయమూ లేదనుకున్నానండీ."

"నేనే చెప్పాను తల్లీ," అంది గ్లెనిస్. "రోజు చెప్పాను, గంట చెప్పాను. నా చేత్తో నేనే చెప్పాను."

ఏడుస్తూ కూర్చునే వ్యవధి లేదు. గ్లెనిస్ పేజీలోంచి ఫొటో తీసేసి, పోలీసు వెస్ పాస్కోకు ఫోన్ చేసింది. అతను ఆడవాళ్లను కాపాడే ఆశ్రయం వారితో మాట్లాడి, సాయంత్రానికే తల్లీబిడ్డలను తన కారులో పంపే ఏర్పాటు చేశాడు. ఎక్కడికన్నది గ్లెనిస్ అడగలేదు. టిల్లీ చేతిలో గ్రంథాలయం పుస్తకం ఉంది. తిరిగి ఇచ్చెయ్యమని బ్రియనీ అంటే పిల్ల గుండెకు హత్తుకుంది. ఉంచుకోనివ్వమంది గ్లెనిస్. నాలుగు నెలల్లో కుదురుకున్న ఉద్యోగం, అద్దె ఇల్లు, టిల్లీకి దొరికిన మొదటి స్నేహితురాలు, అన్నీ ఆ సాయంత్రం వెనకబడిపోయాయి. కారు కదిలేముందు టిల్లీ అద్దం దించి, "గురువారం కథ నేను వచ్చేదాకా చెప్పకు," అంది.

గురువారం కథల గంట లేదని తల్లులందరికీ గ్లెనిస్ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పింది. పదింపావుకు టిల్లీ నాన్న వచ్చాడు. ఆరువందల కిలోమీటర్లు బండి నడిపి వచ్చినవాడు, శుభ్రంగా గడ్డం గీసుకుని, చంకలో బొమ్మ కుందేలుతో, ఎంతో మర్యాదగా బల్ల దగ్గర నిలబడ్డాడు. తన భార్య, కూతురు ఇక్కడికి వస్తారని, వాళ్ల చిరునామా కావాలని అడిగాడు.

"ఎవరు వస్తారో మేం చెప్పకూడదండీ," అంది గ్లెనిస్.

అతను నవ్వి ఫోన్ తీసి, ఆవిడ రాసిన జవాబును ఆవిడకే చూపించాడు. ఫొటో తీసేసినా దాని బొమ్మ అతని దగ్గర మిగిలే ఉంది. "మరి ఇది చెప్పింది ఎవరమ్మా?"

ఆ మాట ఆవిడ గుండెలో దిగిపోయింది. జీవితంలో ఎవరూ ఆవిడను అంతగా సిగ్గుపడేలా చెయ్యలేదు. చిత్రమేమిటంటే ఆ దుర్మార్గుడు అన్నదాంట్లో అబద్ధం లేదు. "నేనే," అంది. "ఇక చెప్పను."

పొద్దుటినుంచీ పిల్లల పుస్తకాల అలమార వెనక చిన్న కుర్చీలో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్న వెస్ లేచి వచ్చాడు. కోర్టు ఉత్తర్వు మీరినందుకు అతన్ని బయటికి నడిపించుకుపోయాడు. బొమ్మ కుందేలు బల్ల మీదే ఉండిపోయింది. గ్లెనిస్ దాన్ని ముట్టుకోలేదు, వెస్ తరవాత వచ్చి సంచిలో వేసుకుని వెళ్లాడు.

ఆగస్టులో జిల్లా గ్రంథాలయాల వారంతా సమావేశమయ్యారు. జనాన్ని రెట్టింపు చేసిన ఘనత ఎలా సాధ్యమైందో చెప్పమని హామిష్ గ్లెనిస్‌ను వేదిక మీదికి పిలిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ పేర్లు, ఊళ్లు దాచి, జరిగిందంతా చెప్పింది. మధ్యలోనే చప్పట్లు కొట్టిన చేతులు ఒడిలోకి జారిపోయాయి. హామిష్ తల వంచుకున్నాడు.

"ఈ కుర్రవాణ్ణి ఏమీ అనకండి," అంది గ్లెనిస్. "అతను తనకు తెలిసింది నేర్పాడు. నాకు తెలిసింది నేను మరిచిపోయాను. పేజీ మూసెయ్యమని నేననను, నేనూ మూసెయ్యలేదు. దానివల్ల పుస్తకం ముఖం చూసినవాళ్లు ఉన్నారు. కానీ ఆ పేజీ కూడా మన బల్లే. బల్ల దగ్గర నోట రానిది అక్కడ వేలితో రాయకూడదు. ఒక మనిషిని గురించి ఎవరైనా అడిగితే, ఎంత తియ్యగా అడిగినా, గంట కాదు, ఏడాదైనా జవాబివ్వకండి."

నవంబరులో కోతలు మొదలైన వారం, పంపినవారి పేరు లేని పొట్లం ఒకటి టపాలో వచ్చింది. లోపల టిల్లీ తీసుకెళ్లిన బొమ్మల పుస్తకం ఉంది. చివరి పేజీలో గుర్తుగా పెట్టిన కాగితం మీద రంగు పెన్సిలుతో గీసిన కుందేలు, ఒక చెవి మడత పడి ఉంది. గ్లెనిస్ కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది.

కొత్తగా చేరిన జోడీ ఉత్సాహంగా పొట్లం కాగితం అందుకుని, తపాలా ముద్రను వెలుతురుకు పెట్టబోయింది. ఏ ఊరినుంచి వచ్చిందో చెబుతానంది.

గ్లెనిస్ ఆ కాగితాన్ని ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకుంది. ముద్ర వైపు చూడకుండా నాలుగు ముక్కలు చేసి, కాగితాలు కోసే యంత్రంలో వేసింది.

"మన గుమ్మంలోకి ఎవరు వచ్చారు, ఎక్కడికి వెళ్లారు అన్నది వాళ్ల సొమ్ము తల్లీ," అంది. "మన దగ్గర దాచుకున్నారు, అంతే. దాన్ని పంచిపెట్టే హక్కు మనకు లేదు."